ఇంకా పది నిమిషాలు నావే

మా స్కూలు ఆ మధ్య ఒక ప్రత్యేక సంచిక అచ్చువేసింది. దళసరి కాగితం, నిండా రంగుల ఫొటోలు. పాఠశాల చరిత్ర అని అందులో ఒక పెద్ద వ్యాసం. ఏ వార్షికోత్సవానికి ఎవరు ముఖ్య అతిథిగా వచ్చారో, ఈత కొలను ఎప్పుడు కట్టారో, ప్రిన్సిపాల్ గదికి కొత్త తివాచీ ఎప్పుడు పరిచారో అన్నీ ఉన్నాయి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన కాలం గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం. అనివార్య కారణాల వల్ల బడి కొంతకాలం మూతపడిందట.

మూతపడలేదు. నేను అక్కడే ఉన్నాను, పాఠం చెబుతున్నాను. చాలా అధ్వాన్నంగా చెబుతున్నాను. నా పాఠాన్ని చరిత్ర మరిచిపోతే నాకేం బాధ లేదు. ఆ పాఠం విన్నవాళ్లను మరిచిపోతే ఊరుకోలేను. అందుకే ఇది రాస్తున్నాను.

రెండో కారణం మీరు. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు. మా వీధిలో ఒకమ్మాయి ఈ జూన్‌లో ఒక కార్పొరేట్ స్కూల్లో చేరింది. ఆమెకొక మెంటార్‌ను ఇచ్చారు. మెంటార్ వారానికోసారి వచ్చి, గళ్లున్న కాగితం మీద టిక్కులు పెట్టి, కింద సంతకం చేయించుకుని పోతుందట. 'టిక్కులన్నీ బాగానే పడుతున్నాయి అంకుల్, పిల్లలే నా మాట వినడంలేదు' అని ఆ అమ్మాయి ఏడ్చింది. ఆమెకు చెప్పిన కథే మీకూ చెబుతున్నాను. పేర్లు రాయను. అందులో కొందరు ఇంకా అక్కడే ఉన్నారు, ఏటేటా ఇఖామా, అంటే నివాస అనుమతి, రెన్యువల్ చేయించుకోవాల్సినవాళ్లు.

నేను రాజంపేట శాఖా గ్రంథాలయంలో చదువుకున్నవాణ్ణి. కాలేజీ మెట్లు ఎక్కలేదు. డిగ్రీ ప్రైవేటుగా కట్టాను, బీఎడ్ పోస్టులో వచ్చింది. చదువంటే నాకు ఆ లైబ్రరీయే. మా లైబ్రేరియన్ పుస్తకాలను సైజు ప్రకారం సర్దేవాడు కాబట్టి నా పాండిత్యం కూడా సైజు ప్రకారమే పెరిగింది. ముందు సన్నవి, తర్వాత లావువి. అన్నిటికన్నా లావుది శిశు మనస్తత్వ శాస్త్రం. దాన్ని రెండుసార్లు చదివాను. కువైట్ విమానం ఎక్కేనాటికి పిల్లల మనసు గురించి నాకు తెలియని విషయం లేదు. పిల్లల్ని మాత్రం నలుగురికి మించి ఒకచోట చూసి ఎరగను.

ఫహాహీల్‌లో ఒక ఆయిల్ కంపెనీ క్యాంటీన్లో వంటవాడిగా ఉండే మా బావ, సాల్మియాలోని ఆ ఇండియన్ స్కూల్లో సోషల్ టీచర్ పోస్టు ఉందని తెలుసుకుని నన్ను రప్పించాడు. ఏప్రిల్‌లో చేరాను. ఏడో తరగతి ఇచ్చారు. మొదటి పాఠం నదీ నాగరికతలు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య నేల గురించి ఆ స్కూల్లో నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు. ఆ సంగతి పిల్లలకు మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. మిగతా అరగంట వాళ్లు కాగితపు విమానాలు ఎగరేసుకున్నారు. శిశు మనస్తత్వ శాస్త్రంలో విమానాల అధ్యాయం లేదు.

స్టాఫ్ రూములో సలహాలు కోకొల్లలు. ఇంగ్లీషు మేడం మెత్తగా ఉండమంది. పీటీ సార్ గట్టిగా ఉండమన్నాడు. సైన్సు సార్ ఎలా ఉన్నా ఒకటే, పది సంవత్సరాలయ్యాక అలవాటవుతుందన్నాడు. ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి, కొత్తవారికి అండగా ఉండటం మన సంస్థ సంప్రదాయం అని చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్లమన్నారు.

ఒకరోజు నా క్లాసులో విమానాలు బాగా ఎగురుతున్న వేళ, లెక్కల మేడం పుస్తకాల దొంతర రెండు చేతులా మోసుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. రాజోలు వైపు మనిషి. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం చర్చిలో మైకు అక్కర్లేనంత.

"మాస్టారూ, స్టాఫ్ రూములో ఏసీ చచ్చిపోయిందండి. మీ ఎనకాల బెంచీ ఖాళీయే కదా, అక్కడ కూర్చుని దిద్దుకుంటానండి."

నేను సరేననేలోపే వెళ్లి కూర్చుంది. తలెత్తలేదు, ఎవర్నీ చూడలేదు, ఎర్రపెన్నుతో దిద్దుకుంటూ పోయింది. గాల్లో ఉన్న విమానాలు ఎక్కడివక్కడ దిగిపోయాయి. ఆ రోజు నా నాగరికత మొదటిసారి వెనక బెంచీదాకా వినిపించింది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ. అయితే స్టాఫ్ రూములో ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తోందని, నేను అక్కడ స్వెట్టర్ లేక వణుకుతున్నానని నాకు తెలుసు కదా. ఈవిడ నా తప్పులు ఏరి ప్రిన్సిపాల్‌కు చేరవేస్తోందని నిర్ధారణకు వచ్చాను. గూఢచర్యం మీద కూడా ఒక సన్నపుస్తకం చదివి ఉన్నాను మరి. నా అనుమానాన్ని హిందీ మాస్టారి చెవిన వేశాను. ఆయనది నిజామాబాద్ పక్క. టీ తాగుతున్నవాడు కప్పు కింద పెట్టి నన్ను జాలిగా చూశాడు.

"అరె భయ్, ఆమె నిన్నెందుకు చూస్తది? నా మొదటేడు గూడ గట్లనే కూసున్నది. గా పీటీ సార్ ఇప్పుడు గింత పెద్దగ మాట్లాడతడు గదా, గాయనకు గూడ కూసున్నది. ఆమె కూసుంటె పోరగాండ్లు నోరు తెరువరు. సాయం చేస్తున్న అంటె నీ ఇజ్జత్ పోతదని ఏసీ మీద పెడ్తది. గన్ని బుక్కులు సదివినవ్, గింత తెల్వదా?"

ఆయన ఆ చివరి మాట అనకుండా ఉంటే నాకు కొంచెం ఇజ్జత్ మిగిలేది.

మేడం సాయం ఊరికే దొరికేది కాదు. దానికి బదులు నా పీరియడ్లు కొరికేది. గంట కొట్టడానికి ముందే లేచి బోర్డు దగ్గరికి వచ్చేసేది.

"మాస్టారూ, మీదయిపోయినట్టే కదండీ? నాకో లెక్క మిగిలిపోయిందండి."

"అయిపోలేదు మేడం. ఇంకా పది నిమిషాలు నావే."

"సోషలేముందండి, ఇంటికాడ చదువుకుంటారు."

ఈ ఒక్క మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. సోషల్ అంటే ఏమిటో, మనిషికి అది ఎందుకు కావాలో అక్కడే చెప్పడం మొదలుపెట్టేవాణ్ణి. నేను చెప్పడం పూర్తయ్యేలోపు ఆవిడ బోర్డు తుడిచి లెక్క వేసేసేది. రోజూ పోట్లాడాను, రోజూ ఓడాను. ఆ టర్మ్ మొత్తం మీద నా నాగరికతలన్నీ పది నిమిషాల ముందే అంతరించిపోయాయి.

జూన్‌లో సెలవులిచ్చారు. ప్రిన్సిపాల్ గారు ఇండియా వెళ్లారు. మొదటి సంవత్సరం టీచర్లకు స్కూలు టికెట్ ఇవ్వదు కాబట్టి నేను ఉండిపోయాను. మేడం భర్తనూ పిల్లల్నీ ఊరికి పంపి, పదో తరగతి వాళ్లకు స్పెషల్ క్లాసులు చెప్పడానికి ఉండిపోయింది. హిందీ మాస్టారు సెలవుల్లో స్కూలు చూసుకునే పనిమీద ఉండిపోయాడు. ఆగస్టులో ఒక గురువారం పొద్దున్నే లేచి చూస్తే సముద్రం పక్క రోడ్డు మీద ట్యాంకులు పోతున్నాయి.

మా స్కూలు కమిటీ పెద్దలు అందరికన్నా ముందే పెద్ద కార్లలో ఎడారి దాటేశారు. పోతూ పోతూ తాళాల గుత్తి హిందీ మాస్టారి చేతిలో పెట్టి, యూనిఫారాల గది, లైబ్రరీ బీరువాలు ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవొద్దని మరీ మరీ చెప్పారట. దేశం పోయింది, బీరువాలైనా మిగలాలి కదా.

హిందీ మాస్టారు ముందు గేటు తెరిచాడు. తర్వాత క్లాసు గదులు. ఫహాహీల్ నుంచి మా బావా నేనూ వచ్చాం, చుట్టుపక్కల ఫ్లాట్లలోని కుటుంబాలు పిల్లలతో వచ్చాయి. ఒకచోట ఉంటే ధైర్యమని అందరి ఆలోచన. నేను లైబ్రరీ బీరువాలు తెరిపించాను. తెరవగానే కొత్త అట్టల వాసన వచ్చింది. అంతవరకూ ఆ పుస్తకాలను ఒక్కడూ ముట్టుకోలేదు. మా స్కూలుకు లైబ్రరీ ఉందని సంచికలో ఫొటో వేశారు చూడండి, అవే బీరువాలు.

ఆ వారంలోనే రుమైథియా నుంచి ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు కొందరు నడుచుకుంటూ వచ్చారు. అందరూ కడప, రాయచోటి, కోనసీమ వైపు వాళ్లు. ముందు నడుస్తున్నామె చంటిపిల్లల తోపుడు బండి తోసుకొస్తోంది. బండిలో బిడ్డ లేదు, బియ్యం మూట ఉంది. రాయచోటి దగ్గర పల్లె ఆమెది. హిందీ మాస్టారు సంగతేమిటని అడిగితే కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది. మామా, బాబా అంటే అక్కడ ఇంటి యజమానురాలు, యజమాని.

"మామా, బాబా సౌదీకి పాయిరి సార్. పోతా పోతా నన్ను ఇల్లు సూసుకోమనిరి. సిపాయిలొచ్చి ఇల్లు వాళ్లే సూసుకుంటాండారు. ఇంగ నేనేం సూసుకోవల్ల?"

"పాస్‌పోర్ట్ ఏది?"

"బాబా కాడుండాది. బాబా యాడుండాడో ఆ దేవునికే తెలియల్ల."

వచ్చినవాళ్లలో ఎవరి దగ్గరా పాస్‌పోర్టు లేదు. అన్నీ కఫీళ్ల, అంటే వీసా ఇచ్చి రప్పించుకున్న యజమానుల, ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. పక్కింట్లో పనిచేస్తూ వాళ్లతో బయల్దేరిన ఒక చిన్నపిల్లను దారిలో చెక్‌పోస్టు దగ్గర కాగితాలేవని ఆపేశారు. ఆమె కోసం వీళ్లు సందు మలుపులో చాలాసేపు కాచుకున్నారు. రాలేదు. ఈ మాట చెప్పేటప్పుడు రాయచోటి ఆమె గొంతు మారలేదు, తోపుడు బండి పిడిని మాత్రం వదలలేదు.

వాళ్లకు లైబ్రరీ గది ఇచ్చాం. నేను విజ్ఞాన సర్వస్వం సంపుటాలు తీసి, ఇలాంటి సమయంలో చదువు ఎంత ధైర్యాన్నిస్తుందో వివరించాను. ఆమె ఒక సంపుటం చేతిలోకి తీసుకుని తూచి, నేలమీద పెట్టి, దాని మీద తలపెట్టి చూసింది.

"ఎత్తు సరిగ్గా ఉండాది సార్" అంది.

కొన్నాళ్లకు ఒక హవల్దారు లాంటివాడు ఇద్దరు సైనికులతో వచ్చాడు. గదులు చూశాడు, నీళ్ల ట్యాంకు చూశాడు. ట్యాంకు అతనికి బాగా నచ్చింది. రోడ్డుకు అవతలున్న సర్కారు బడిలో అప్పటికే సైన్యం దిగి, కిటికీలనిండా బనీన్లు ఆరేసింది. ఇతను హిందీ మాస్టారితో చెప్పి వెళ్లిన మాట ఇది. ఆఫీసరు వస్తాడు. ఇది నడుస్తున్న మదరసా, అంటే బడి, అయితే వదిలేస్తాడు. కాకపోతే ఖలాస్, సాయంత్రంలోగా ఖాళీ చేయాలి.

కుటుంబాలవాళ్లు తలా ఒక స్నేహితుడి ఫ్లాటుకు పోగలరు. ఈ ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? కాగితాల్లేని వాళ్లను ఇంట్లో పెట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. వీధికొక చెక్‌పోస్టు ఉంది.

స్టాఫ్ రూములో ముగ్గురం కూర్చున్నాం. నేను చరిత్రలో ముట్టడికి లోనైన నగరాల ఉదాహరణలు ఎత్తుకున్నాను. మేడం నా మాట మధ్యలోనే లేచింది.

"రేపట్నించీ బడి పెట్టేద్దావండి. పిల్లలున్నారు, గదులున్నాయి, మనవున్నాం. ఇంకేం కావాలి?"

"గీ ఆడోళ్లను ఏం జేద్దాం?" అన్నాడు హిందీ మాస్టారు. "ఆఫీసర్ చూస్తె అడుగుతడు, వీళ్లెవరని."

"పెద్దోళ్లు ఆయాలండి. కుర్రోళ్లు టెన్త్ క్లాసు."

ఆయన తాళాల గుత్తి వైపు చూసి, మేడం వైపు చూసి, యూనిఫారాల గది తెరిచాడు. పెద్ద క్లాసుల ఆడపిల్లలకు నీలం కమీజు, తెల్ల సల్వారు, తెల్ల ఓణీ. అవి చూసి రాయచోటి ఆమె వెనక్కి తగ్గింది.

"నేనీ ప్యాంటు ఏసుకోను. నా మొగుడు సూస్తే నరుకుతాడు."

"మీ ఆయన రాయచోటిలో ఉన్నాడమ్మా, ఎలా చూస్తాడు?" అన్నాను.

"ఆయప్పకు ఎట్లన్నా తెలుస్తాది సార్. నాకు ఇద్దరు బిడ్డలుండారు. పెద్దోడే ఆరో తరగతి సదవతాండాడు. వాని కన్నా నేను పై క్లాసా?"

"నాలుగు క్లాసులు పైనమ్మా" అంది మేడం, ఓణీ ఆమె భుజాన వేసి పిన్ను పెడుతూ. "వాడికి చెప్పుకోవచ్చు."

ఆ మాటకు ఆమె ఒప్పుకుంది.

ఆ పదో తరగతిని నాకిచ్చారు. నేను ముందు ఒప్పుకోలేదు. ఏడో తరగతినే ఆపలేనివాణ్ణి, పిల్లల తల్లుల్ని ఏం ఆపుతాను? మేడం తన చంటివాళ్ల క్లాసును ఒక ఆయాకు అప్పగించి, ఎప్పటివో పాత పరీక్ష పేపర్ల దొంతర తీసుకుని నా గది వెనక బెంచీలో చేరింది. దిద్దడానికి అందులో ఏమీ మిగల్లేదు. దిద్దినవే మళ్లీ దిద్దింది.

నా ఉద్యోగ జీవితంలో అంత అల్లరి క్లాసు ఇంకోటి లేదు. గోంగూర ఎలా నిలవ చేయాలో ఒక బెంచీలో, ఎవరి మామా ఎంత పిసినారో ఇంకో బెంచీలో చర్చ. మధ్యలో నిజమైన పిల్లలు నలుగురైదుగురు కూర్చుని, ఆఫీసరు రాగానే అందరూ లేచి 'గుడ్ మార్నింగ్ సార్' అని ఎలా సాగదీయాలో పెద్దవాళ్లకు నేర్పేవాళ్లు. నేను యథాప్రకారం నదుల మధ్య నాగరికత మొదలుపెట్టాను. రాయచోటి ఆమె చెయ్యెత్తింది.

"ఆ యేటి కతలు ఎవురికి గావల్ల సార్? మనం ఇంటికి ఏ దావన పోవల్లనో అది సెప్పు."

ఎవరైనా నన్ను ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఒళ్లు మరిచిపోయాను. బోర్డు నిండా పటం గీశాను. కింద కువైట్, పైన బస్రా, ఆపైన బాగ్దాద్, పక్కన ఎడారి, ఎడారి అవతల జోర్డాన్, అమ్మాన్. అక్కణ్ణుంచి బాణం గుర్తుతో బొంబాయి. ప్రతి ఊరి దగ్గరా ఆగి, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో, ఎక్కడ చలి వేస్తుందో చెప్పాను. గోంగూర ఆగిపోయింది. ఎంతో మంది పుస్తకాలు రాసినా చూపించలేని దాన్ని నేను ఒక సుద్దముక్కతో చూపిస్తున్నానని అనిపించింది.

లైబ్రరీలో చదువుకున్నవాడికి సరిహద్దు లేకుండా పటం గీయడం చేతకాదు. ఇరాక్‌కూ కువైట్‌కూ మధ్య గీతలు గీతలుగా సరిహద్దు వేశాను. ఎర్రసుద్దతో. కువైట్ అని పెద్దక్షరాలతో ఇంగ్లీషులో రాసి, రాజధానికి ఒక చుక్క కూడా పెట్టాను. ఆ రోజుల్లో కువైట్ అనే దేశమే లేదని, అది ఇరాక్‌లో ఒక ముక్క అని రేడియో పొద్దస్తమానం చెబుతోంది. కార్ల నంబరు పలకల మీద కూడా ఆ పేరు ఉండనివ్వడంలేదు. ఈ సంగతి నాకు తెలుసు. సుద్దముక్క చేతిలో ఉన్నప్పుడు మాత్రం గుర్తులేదు.

అప్పుడే వరండాలో హిందీ మాస్టారి గొంతు మామూలు కన్నా ఎక్కువగా మోగింది. "యల్లా సాబ్, యల్లా! దస్వీ క్లాస్ సాబ్!" నాకు వినపడిందిగానీ, ఈ మనిషి పాఠం జరుగుతుంటే ఎందుకు అరుస్తాడని విసుక్కుని, ఎడారిలో చుక్కలు పెట్టడంలో మునిగిపోయాను. వెనక బెంచీ నుంచి మేడం లేచి వచ్చిన సంగతి, ఆవిడ డస్టరు నా కువైట్ మీద పడేదాకా నాకు తెలియదు.

"టైమైపోయింది మాస్టారూ. ఇది నా పీరియడ్."

అన్నాళ్ల తర్వాత ఒక క్లాసు నా మాట వింటోంది. ఆ రోజు కూడానా?

"అయిపోలేదు మేడం! ఇంకా పది నిమిషాలు నావే!"

"పొద్దుట్నించీ మీరే వాయించారండి. జరగండి."

"జరగను. ఏప్రిల్ నుంచి చూస్తాండా. దినామూ ఇదే పనా మీకు?"

నేను డస్టరు పట్టుకున్నాను. ఆవిడ గుంజింది. నేనూ గుంజాను. ఆవిడ డస్టరు నాకు వదిలేసి చీర కొంగుతోనే తుడవసాగింది.

"వీళ్లకి పరీక్షలున్నాయండి!"

"నా సబ్జెక్టుకు లేవా పరీక్షలు? సోషలంటే అంత సులకనా మీకు?"

"సోషలేముందండి, ఇంటికాడ చదువుకుంటారు!"

"మేడం!" అని నేను వేసిన కేక పక్క గదిలో చంటిపిల్లల్ని ఏడిపించింది. క్లాసంతా పగలబడి నవ్వుతోంది. ముందు బెంచీలోంచి రాయచోటి ఆమె, "సార్ గెలవడు లేమ్మే" అని పక్కామెతో అనడం వినిపించింది. అంతలో నవ్వు ఒక్కసారిగా తెగిపోయింది. అందరూ లేచి నిలబడి 'గుడ్ మార్నింగ్ సార్' అని సాగదీశారు. నాకు గౌరవం ఇస్తున్నారేమోనని తిరిగి చూశాను. గుమ్మంలో ఆఫీసరు నిలబడి ఉన్నాడు. అతని వెనక తుపాకులు.

బోర్డు మీద బస్రా ఉంది, బాగ్దాద్ ఉంది. వాటి కింద సుద్ద మరక ఉంది.

"ఏమిటి గొడవ?" అని ఆఫీసరు ఇంగ్లీషులో అడిగాడు.

"రోజూ నా పీరియడ్ తినేస్తున్నాడండి" అంది మేడం, అదీ ఇంగ్లీషులోనే, 'అండి' మాత్రం వదలకుండా.

"ఆవిడే తింటోంది" అన్నాను. డస్టరు ఇంకా నా చేతిలోనే ఉంది. నాకు భయం వేయలేదు, కోపమే ఇంకా తగ్గలేదు.

అతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మీసం కింద పెదవి కొంచెం కదిలింది. హిందీ మాస్టారితో అరబ్బీలో ఏదో అన్నాడు. వాళ్ల ఊళ్లో కూడా లెక్కల మాస్టరు ఇంతేనన్నాడని తర్వాత తెలిసింది. ఆ తర్వాత బెంచీల మధ్య నడుస్తూ రాయచోటి ఆమె ముందు ఆగాడు. ఎండకూ వంటింటి పొగకూ మాగిన మొహం, కాలికి మెట్టెలు, ఒంటిమీద స్కూలు యూనిఫారం.

"ఏ క్లాసు?"

"టెన్త్" అంది ఆమె.

"వయసెంత?"

ఆమె చేతులు ఓణీ అంచును మెలిపెడుతున్నాయి. బోర్డు దగ్గర్నుంచి మేడం గొంతు వచ్చింది.

"ఫెయిలండి. చాలాసార్లు."

"లెక్కల్లోనా?"

"సోషల్లో" అని మేడం నావైపు వేలు చూపించింది.

ఆఫీసరు నన్ను ఆపాదమస్తకం చూశాడు. చూసి తల పంకించాడు. అంతకన్నా రుజువు అతనికి అక్కర్లేకపోయింది. నా బల్ల మీది సుద్దముక్క ఒకటి తీసుకుని వెళ్లి, గేటు మీద అరబ్బీలో మదరసా అని రాయించాడు. మా నీళ్ల ట్యాంకు మాకే మిగిలింది.

జీపు చప్పుడు వినపడకుండా పోయాక మేడం వెనక బెంచీలో కూలబడింది.

"మీకు బుద్ధుందా మాస్టారూ? ఎర్రసుద్దతో గీస్తారా దాన్ని?"

అప్పుడు నాకు బోర్డు కనిపించింది. ఆ మరక కనిపించింది. దాని కింద నేనేం రాశానో గుర్తొచ్చింది.

"ముందే ఒక్క మాట చెప్పొచ్చు గదా మేడం?"

"చెప్పడానికి టైమేదండీ? అయినా చెబితే మీరు నటించేవారు. మీకు పాఠవే రాదు, ఇంక నటనేం వస్తాది?"

హిందీ మాస్టారు గుమ్మానికి చేరగిలబడి నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఆఫీసర్ ఏమన్నడో తెల్సా? క్యాంపుల రొట్టె కోసం కొట్లాడతరు, పీరియడ్ కోసం కొట్లాడేటోళ్లు బళ్లెనే ఉంటరు అన్నడు."

సెప్టెంబరులో మావంతు బస్సు వచ్చింది. మన ఎంబసీవాళ్లు పాస్‌పోర్టు లేనివాళ్లకు ఒంటికాగితం పత్రాలు రాసిచ్చారు. చెక్‌పోస్టుల దగ్గర ఆ కాగితాన్ని ఎంతవరకు లెక్కచేస్తారో ఎవరికీ నమ్మకం లేదు. మేడం యూనిఫారాలు విప్పనివ్వలేదు. విహారయాత్రకు తీసుకెళ్తున్నట్టు పదో తరగతిని వరసగా నిలబెట్టి ఎక్కించింది. బస్సు ఆగినప్పుడల్లా హిందీ మాస్టారు తల బయటపెట్టి, "మదరసా, మదరసా" అనేవాడు. బస్రా దాటాం, బాగ్దాద్ దాటాం. నేను చెప్పినచోట నీళ్లు దొరకలేదు, చలి మాత్రం చెప్పినచోటే వేసింది. జోర్డాన్ సరిహద్దులో ఎడారి గుడారాల్లో పడి ఉండి, అమ్మాన్ చేరి, విమానం ఎక్కాం.

బొంబాయిలో దిగాక రాయచోటి ఆమె ఎవరో కట్టుకోవడానికిచ్చిన చీర మార్చుకుని నా దగ్గరికి వచ్చింది. దండం పెడుతుందనుకున్నాను.

"సార్, నువ్వు పాఠం బాగానే సెప్తావు. ఇనేవాళ్లే ల్యాకపాయిరి. మళ్లా బడికి పోతే ఆ యమ్మను ఇడిసిపెట్టాకు" అని చెప్పి, మద్రాసు రైలు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడానికి వెళ్లిపోయింది.

యుద్ధం ముగిసి, స్కూలు మళ్లీ తెరిచాక నన్ను పిలిచారు. ప్రిన్సిపాల్ గారు ఎండకు నల్లబడకుండా తిరిగి వచ్చారు. బడి మూతపడి ఉంది కాబట్టి నా మొదటి సంవత్సరం పూర్తయినట్టు లెక్క కాదని, ప్రొబేషన్ మళ్లీ మొదట్నుంచి మొదలవుతుందని చెప్పారు. మొదటి సంవత్సరాన్ని రెండుసార్లు చేసిన టీచరును నాకు తెలిసి నేనొక్కణ్ణే. యూనిఫారాలు ఏమయ్యాయో సంజాయిషీ ఇమ్మని కమిటీ హిందీ మాస్టారికి మెమో ఇచ్చింది. పదో తరగతి అమ్మాయిలు పాసై వెళ్లిపోయారు, యూనిఫారం వెనక్కి తీసుకునే రూలు లేదు అని ఆయన జవాబు రాశాడు. కమిటీ మళ్లీ అడగలేదు. రూలు లేదన్న మాటకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

ఆ రెండో మొదటి సంవత్సరంలో మేడం నా క్లాసుకు రాలేదు. కొత్తగా చేరిన డ్రాయింగ్ టీచరు గదిలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఏసీ పాడైందని చెప్పిందట. ఆ కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, ఈవిడ ప్రిన్సిపాల్ మనిషా అని చెవిలో అడిగాడు. నేను టీ కప్పు కింద పెట్టాను.

ఇక కృతజ్ఞతలు. ఆ రోజుల్లో పిలుచుకున్న పిలుపులతోనే చెబుతాను. రాజోలు లెక్కల మేడానికి, నా దగ్గర కొరుక్కున్న పీరియడ్లన్నీ ఆవిడకే వదిలేస్తున్నాను. నిజామాబాద్ హిందీ మాస్టారికి, తెరవొద్దన్న తలుపులన్నీ తెరిచినందుకు. ఫహాహీల్ బావకు, ఉన్న బియ్యంతో అంతమందికి అన్నం వండినందుకు. గుడ్ మార్నింగ్ నేర్పిన పిల్లలకు. పేరు తెలియని ఆ ఆఫీసరుకు కూడా, నా బోధన నాణ్యతను ఒక్క చూపులో సరిగ్గా అంచనా వేసినందుకు. అందరికన్నా చివర, నా పదో తరగతికి. వాళ్ల పేర్లు ఏ హాజరు పట్టీలోనూ లేవు. ఒక్కరూ దారిలో ఆగిపోకుండా అందరూ ఇల్లు చేరారు. అంతకు ముందూ, ఆ తర్వాతా నా సబ్జెక్టులో నూటికి నూరు ఫలితం వచ్చిన క్లాసు ఇంకోటి లేదు.